వాగు దాటే బండికి కొత్త షాకులు

ఆయన్ని వీధిలో అందరూ హాఫ్‌క్లచ్ అనేవారు. ముప్పై నాలుగేళ్లు కరెంటాఫీసు జీపు తోలిన మనిషి. డ్రైవింగులో వంక పెట్టడానికి లేదు. ఆ పేరు మాటల వల్ల వచ్చింది. ఏ మాటైనా సగం అని, తక్కిన సగం గొంతులోనే ఆపేసేవాడు. ఆ మింగేసిన సగం ఏమిటో తెలిసింది ఇంట్లో ఆవిడకి ఒక్కదానికే. బట్టలు కుట్టుకుంటూ, మిషను మీంచి తల ఎత్తకుండానే, ఆయన అనని మాటకి కూడా జవాబు చెప్పేది.

రిటైరయ్యాక, ఆఫీసు వాళ్లు వేలం వేసిన ఆ పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపునే కొనుక్కొచ్చి వాకిట్లో పెట్టాడు. "నాతో కంటే దాంతోనే ఎక్కువ కాపురం చేశారు, వదిలి ఉండలేరులెండి," అంది ఆవిడ.

ఆవిడకి నడుం నొప్పి మొదలైనప్పుడు, మిషను తొక్కీ తొక్కీ వచ్చిందనుకున్నారు ఇద్దరూ. ఏడాది పాటు ఏవో పూతలు పూసుకుంటూ నెట్టుకొచ్చింది. తీరా స్కాను తీస్తే, రొమ్ములో గడ్డ వెన్నెముక దాకా పాకిపోయి ఉంది. పది సార్లు రేడియేషను, అదే కరెంటు, పెడితే నొప్పి తగ్గవచ్చని, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఎముకలు పెళుసుబారిపోయాయి, కుదుపు తగలనివ్వకండి అని కూడా అన్నాడు.

"ఇన్నేళ్లు కరెంటాఫీసు జీతం తిన్నాం కదా," అంది ఆవిడ బయటికొస్తూ. "ఇప్పుడు ఆ కరెంటు నాకే పెడతారట." నవ్వింది కూడా. ఆయనకి నవ్వు రాలేదు.

ఆస్పత్రి గంటన్నర దూరం. మధ్యలో వాగు మీది వంతెన కిందటి వానలకి కూలిపోయింది. మామూలు కార్లు ఆ వాగులో దిగవు. అంబులెన్సు వాళ్లు అవతలి గట్టు దాకా వస్తామన్నారు, అంతే. రోజూ గట్టు మీద బండి మార్చి ఎత్తి దించితే ఆవిడ వెన్ను తట్టుకోదు. ఇక మిగిలింది జీపే. వెనక సీట్లు తీసేసి, చెక్క పరిచి, దాని మీద పరుపు వేశాడు.

మొదటి రెండు రోజుల ప్రయాణం నరకం. జీపు వెనక షాక్ అబ్జార్బర్లు ఎప్పుడో చచ్చిపోయాయి. స్ప్రింగు ఊపుని పట్టి ఆపాల్సినవి అవే. అవి లేకపోయేసరికి ఒక్క గుంటకి బండి నాలుగు సార్లు ఎగిరి పడుతోంది. వాగు రాళ్ల మీద ఆవిడ కేక పెట్టింది. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో ఆవిడ గొంతు అలా రావడం ఆయన వినలేదు.

రెండో రోజు, ఆవిడ లోపల కరెంటు గదిలో ఉండగా, స్పేర్ పార్టుల కొట్టుకి పరిగెత్తాడు. మెకానిక్కి ఇస్తే మూడు రోజులు పెట్టుకుంటాడు. సోమవారం పొద్దున్నే మళ్లీ ఆస్పత్రికి రావాలి. తనే మార్చుకుంటే సరి.

"ఏ రకం ఇమ్మంటారు?" అన్నాడు కొట్టతను.

"అన్నిటికంటే గట్టివి."

ఆయన లెక్కలో మంచి వస్తువంటే గట్టి వస్తువే. స్తంభాలు మోసిన బండి, కొండలెక్కిన బండి.

ఆదివారం పొద్దున్నే బామ్మర్ది వచ్చాడు. వెల్డింగు పని అతనిది. నోరు దురుసు, చెయ్యి మంచిది. ముందు రోజే ఆయన బోల్టులన్నిటికీ నూనె కొట్టి నానబెట్టి ఉంచాడు. ముందు చక్రాలకి అడ్డంగా చెక్కలు పెట్టి, వెనక భాగం జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలబెట్టారు. ఆవిడ మంచం వరండాలోకి లాగించుకుంది.

"బావా, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని దూరకు. మా అక్క నిన్ను కూడా చూసుకోలేదు," అన్నాడు బామ్మర్ది.

"నాకు నేర్పకు," అని ఆయన కిందికి దూరాడు.

పై నట్లు వచ్చేశాయి. కింద బోల్టు మొండికేసింది. తుప్పు పట్టి, రబ్బరులోని ఇనప గొట్టానికి అతుక్కుపోయింది. స్పానరుకి పైపు తొడిగి ఇద్దరూ వేలాడినా కదల్లేదు. చివరికి డీజిల్ ట్యాంకు మీద తడి గోనె కప్పి, బామ్మర్ది గ్రైండరుతో కోసి పారేశాడు. ఊడి వచ్చిన పాత షాకుని ఆయన చేత్తో నొక్కితే లోపలికి పోయింది, మళ్లీ పైకి రాలేదు. జిడ్డు నూనె మోచేతి దాకా కారింది.

కొత్తదాన్ని నొక్కి కట్టి ఉంచిన పట్టీ కోయగానే అది మెల్లగా పొడుగు సాగింది. దాన్ని ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి వెనక్కి నొక్కి, బోల్టు కన్నంలో కూర్చోబెట్టాడు.

"బిగించెయ్యనా?"

"ఇప్పుడొద్దు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే. లేకపోతే రబ్బరు మెలితిరిగి..." తక్కినది మింగేశాడు.

"చిరిగిపోతుంది," అంది ఆవిడ వరండాలోంచి.

వెనక రెండూ, ముందు రెండూ పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. ఆయన ఒళ్లు హూనమైంది. లేచి, వెనక బంపరు మీద బరువంతా వేసి నొక్కి వదిలాడు. బండి ఒక్కసారి లేచి, అక్కడే ఆగిపోయింది.

"రాయిలా ఉంది బావా," అన్నాడు బామ్మర్ది.

ఆయన మొహం వెలిగింది. ఆవిడ ఆ మొహం వంకే చూస్తూ పడుకుంది.

సోమవారం నుంచి ఆవిడ నోట మూలుగు లేదు. వాగులో కూడా కిక్కురుమనలేదు. "ఎలా ఉంది?" అంటే "బాగుంది, పోనివ్వండి," అనేది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అలా నాలుగు రోజులు.

గురువారం నాడు నర్సు ఆయన్ని పక్కకి పిలిచింది.

"ఏ బండిలో తెస్తున్నారండీ ఆవిణ్ని? కింద పెదవి లోపల ఎలా కొరుక్కుందో చూశారా? నొప్పి ఇంజెక్షను ఇంటి దగ్గరే చేసుకునే వీలుందా అని నన్నడిగింది. మీకు చెప్పొద్దంది."

బండి ఎగరడం మానింది, నిజమే. కానీ ఆ గట్టి షాకులు ప్రతి రాయినీ, ప్రతి గుంటనీ ఉన్నదున్నట్టు తెచ్చి ఆవిడ వెన్నుకి కొడుతున్నాయి. ఇన్నేళ్లు బండి తోలిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. స్టీరింగు దగ్గర కూర్చునేవాడికి బండి బాగానే ఉంది మరి.

తిరుగు ప్రయాణంలో వాగు ముందు బండి ఆపాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"ఆదివారం రోజంతా మట్టిలో పడి ఉన్నారు. సాయంత్రం మీ మొహం చూశాక ఎలా చెప్పమంటారు?"

ఆయన దిగాడు. నాలుగు టైర్లలోనూ సగం గాలి వదిలాడు. బండిలో ఉన్న ఖాళీ గోనెసంచులు తీసుకుని, వాగు ఇసుక చేత్తోనే తోడి నింపి, ఒక్కొక్కటీ వెనక పరుపుకి అటూ ఇటూ పేర్చాడు. స్ప్రింగులు బరువుకి కుంగి, బండి మెత్తగా నడవాలని. ఏడో సంచి ఎత్తుతూ నీళ్లలో కూలబడి, కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. ఏడ్చాడో లేదో ఆవిడకి కనబడలేదు.

వాగు దాటాక అడిగాడు. "నిజం చెప్పు."

"కొంచెం నయం. నిజమే చెబుతున్నా."

మర్నాడు మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాడు. ఈసారి మాట మింగలేదు. "మా ఆవిడ వెన్నులో క్యాన్సరు. వెనక పడుకోబెట్టి తెస్తున్నాను. ఉన్నవాటిలో మెత్తవి ఇవ్వండి," అన్నాడు. కొట్టతను లోపలికి వెళ్లి చాలాసేపు వెతికి తెచ్చాడు. శనివారం ఒక్కడే కూర్చుని వెనక రెండూ మార్చాడు. బామ్మర్దికి కబురు పెట్టలేదు.

చివరి మూడు ప్రయాణాల్లో ఒకరోజు ఆవిడకి దారిలో కునుకు పట్టింది. పదోసారి అయ్యాక డాక్టరు పాత ఫిల్ములూ కొత్త ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇక ఆవిణ్ని తిప్పకండి," అన్నాడు. నొప్పి తగ్గిందని గానీ తగ్గలేదని గానీ అనలేదు.

ఆ తర్వాత ఇరవై మూడో రోజు మధ్యాహ్నం, ఆయన గ్లాసులో నీళ్లు పట్టి తెచ్చేలోగా ఆవిడ పోయింది.

ఆ నాలుగు రోజుల సంగతి బామ్మర్దికి నెల తర్వాత చెప్పాడు. "నీకేం తెలుసు బావా, మంచికే చేశావు," అన్నాడు అతను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అడిగాను. బాగుందంది. అంతటితో వదిలేశాను. అద్దంలో ఒక్కసారి దాని మొహం చూసి ఉంటే..."

ఆ మాట పూర్తి చేసేవాళ్లు లేరు.

వానలు మళ్లీ వచ్చాయి. వంతెన పని మొదలే కాలేదు. పక్క వీధిలో మేస్త్రీ పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అతని భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "అన్నయ్యగారూ, వాగు దాటాలంటే మీ జీపు..." అంది. ఆయన బామ్మర్దిని పిలిపించి, తాళంచెవి అతని చేతిలో పెట్టి, తను లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు వెళ్లలేకపోయాడు. కట్టు మార్చడానికి మరుసటి వారం మళ్లీ తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం తనే తోలాడు. దారి పొడుగునా రోడ్డునీ అద్దాన్నీ మార్చి మార్చి చూస్తూ, రెండో గేరు దాటకుండా పోనిచ్చాడు.