కుడి వైపు పతకాలు

మంచుకొండల మీద శత్రువు కళ్లలోకి సూటిగా చూసినవాణ్ని నేను. మన నేతవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ గోడాదరాలో మా గల్లీవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. చెప్పింది నేనే. నిజానికి నేను చూసింది దుప్పట్ల కట్టలను. పటాలం స్టోర్లో దుప్పట్లు, బూట్లు, బనియన్లు పంచడం నా పని. కొండల మీదికి దుప్పట్లు వెళ్లాయి, నేను వెళ్లలేదు.

ఈ తేడా మా ఆవిడకు తెలుసు, పట్టింపు లేదు. నేతవాళ్లింట్లో పుట్టిన మనిషి, ఆమె చూసేది బట్టను. పటాలం నుంచి వచ్చాక బట్టల మార్కెట్లో సెక్యూరిటీగా చేసినన్నాళ్లూ ఆ యూనిఫాం అందరి బట్టలతో పాటే టబ్బులో నానేది. పెరేడ్ డ్రెస్సుకు మాత్రం వేరే బకెట్టు. ఇంటికి చుట్టాలొస్తే చీరలు చూపించదు, దాన్ని తీసి మంచం మీద పరుస్తుంది.

"పట్టి చూడు వదినా. మన సాంచల మీద నేస్తే గిసొంటి బట్ట వస్తదా?"

మొన్న జనవరి ఇరవై ఆరున మా ఇళ్ల సొసైటీలో జెండా ఎగరేయమని నన్ను పిలిచారు. అలా రాసుకుంటే బాగుంటుంది గాని, పిలిపించింది మా ఆవిడ. సొసైటీ ప్రముఖ్, అంటే అధ్యక్షుడు గారి భార్యకు నా మిల్ట్రీ సంగతులు చెప్పీ చెప్పీ ఆయన్ను ఒప్పించింది. గల్లీలో ఆమె మాట నిలిచేదీ పోయేదీ ఇక ఆ పొద్దుటి మీదే ఉంది.

పతకాలు తనే పెట్టింది. ఐదని చెప్పుకుంటాను గాని ఉన్నవి మూడే, అవీ కొలువులో ఉన్న అందరికీ వచ్చేవే. కుడి వైపు గుచ్చుతోంది.

"ఎడమ దిక్కు పెడ్తరే" అన్నాను.

"ఎడమ దిక్కేంది? ఎడమ చేత్తోటి కుంకుమ పెడ్తమా? జర కదలకు."

పిన్ను గుచ్చుకుంటుందని కదల్లేదు. గోడాదరాలో ఎవరు చూస్తారులే అనుకున్నాను.

జెండా దగ్గరికి చూసేవాడొకడు వచ్చాడు. కామ్‌రేజ్ నుంచి కూతురింటికి వచ్చిన ముసలి హవల్దారు. తిన్నగా నా ముందుకు వచ్చి, తల వంచి, హిందీలో మెల్లగా అడిగాడు.

"ఎవరివి భాయ్‌సాబ్ ఇవి? నాన్నగారివా, అన్నగారివా?"

"ఈయనవే" అంది మా ఆవిడ, చుట్టూ అందరికీ వినిపించేలా.

ఆయన తడబడ్డాడు. "కుడి వైపు పెట్టుకునేది పోయినవాళ్లవి కదమ్మా. వాళ్ల ఇంటివాళ్లు పెట్టుకుంటారు."

మా ఆవిడ చెయ్యి పుస్తెల మీదికి పోయింది. ప్రముఖ్ గారి భార్య ఆమె ముఖంలోకి చూస్తోంది.

నాకు వచ్చిన విద్య నేను ప్రయోగించాను. "మా పటాలంలో కుడి వైపే ఆచారం."

"ఏ పటాలం?" అన్నాడు హవల్దారు. మా ఆవిడ చెయ్యి ఇంకా పుస్తెల మీదే ఉంది.

"స్టోర్లో చేశానండీ" అన్నాను చివరికి. "ఎడమ వైపని తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. తప్పు నాది."

"స్టోర్లోనా?" అంది ప్రముఖ్ గారి భార్య. "మరి ఆ మంచుకొండలు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. ఆమె హిందీకి కూడా మన యాసే.

"అబద్ధాలు ఈయనవి. డ్రెస్సు సర్కారుది."

అని నా ముందుకు వచ్చి నిలబడింది. పతకాలు ఊడదీసి, పిన్ను పెదాల మధ్య పట్టుకుని, ఎడమ జేబు మీద గుడ్డ సాపు చేసింది. స్పీకరు దగ్గర పాట పెట్టబోయినవాడు చెయ్యి గాల్లోనే ఆపాడు. ఆమె తొందరపడలేదు. గుచ్చి, ఒక అడుగు వెనక్కి వేసి, వరస సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"ఇగో, ఇప్పుడు బతికినవ్. సక్కగ నిలవడు."

పొట్ట లోపలికి లాగి జెండా తాడు అందుకున్నాను.