కదలని చేయి

మంచి పనివాడికి పనిముట్టుతో నిమిత్తం లేదని లోకం అంటుంది. ఆడలేనివాడు మద్దెలను తిడతాడని సామెత కూడా చేసిపెట్టింది. ఈ మాటను అందరికన్నా గట్టిగా పలికేది ఎవరో గమనించాలి: ఆట వచ్చినవాడే. అందులో సత్యం కొంత ఉన్నా, సొంతడబ్బా అంతకు మించి ఉంటుంది. రైలు స్టేషను ఎదుట ఇరుకు స్టూడియోలో ఇరవై ఆరేళ్లు ఫోటోలు తీసిన ఒకాయన ఈ మాటనే నమ్ముకుని బతికాడు.

అవి ఫిల్ము రోజులు. ఆయన కెమెరా తోలు పెచ్చులూడినది. ఉన్నది ఒక్కటే లెన్స్. దాని నోరు చిన్నది, వెలుతురును పిసినారిలా కొలిచి లోపలికి రానిచ్చేది. ఆ లోటును ఆయన చేత్తో పూడ్చేవాడు. మోచేతులు డొక్కలకు అదిమి, ఊపిరి సగం వదిలి బిగబట్టి, షట్టరు సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచినా వెంట్రుకవాసి కదిలేవాడు కాదు. కెమెరాకు స్టాండు వాడేవాళ్లను చూస్తే, పడుతూ లేస్తూ నడిచే పిల్లలను చూసినట్టు నవ్వేవాడు.

ఆ నవ్వుకు తరచూ బలయ్యేవాడు ఆయన తోడల్లుడు. బీమా ఆఫీసులో అధికారి; జీతంలో సగం లెన్సులకు ధారపోసి, వాటిని అద్దాల బీరువాలో తేమ తగలకుండా దాచేవాడు. వాటితో తీసింది మాత్రం హాల్లోని పూలకుండీనే.

"ఏం తమ్ముడూ, నీ పూలకుండీ ఈసారైనా నవ్విందా?"

"నవ్వు అన్నయ్యా, నవ్వు. ఈ కొత్త లెన్సుతో చీకట్లో చీమకాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు."

"లెక్కపెట్టి ఏం చేస్తావ్? చెప్పులు కుట్టిస్తావా?"

వాళ్ల భార్యలు, అక్కచెల్లెళ్లిద్దరూ, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. కొని దాచుకున్నవాడి అజ్ఞానమూ, కొననివాడి అహంకారమూ ఒకే బల్ల ముందు కూర్చుని టీ తాగేవి.

ఒక ఆదివారం పొద్దున్నే ఒక బస్సు డ్రైవరు స్టూడియోకు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, నాకు బాబు పుట్టాడు. ఏడో నెలే. అద్దాల పెట్టెలో పెట్టారు. రెండింటికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తారంట. వాళ్లమ్మకేమో కుట్లు, మంచం దిగకూడదంట. ఇంకా మొహమే చూళ్లేదు సార్. దక్కుతాడో లేదో... ఒక్క ఫోటో తీసిపెట్టండి."

ఆసుపత్రి గదిలో మసక వెలుతురు. "ఫ్లాష్ వెలిగిందంటే ఇద్దర్నీ బయటికి పంపేస్తా," అంది నర్సు.

"నాకు ఫ్లాష్‌తో పనేంటమ్మా?" అన్నాడాయన.

పన్నెండు ఫోటోలు తీశాడు. ఒక్కసారి కూడా చేయి వణకలేదు. తిరిగొచ్చి చీకటిగదిలో ఫిల్ము కడిగి, ఒకటి పెద్దది చేసి చూశాడు. పెట్టె అంచు కత్తిలా ఉంది. గుడ్డ మడతలు, గొట్టం, చీటీ మీది అంకె అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మొహం ఉండవలసిన చోట దూదిపింజలాంటి మరక ఉంది. ఆ గుప్పెడు ప్రాణం ప్రతి ఊపిరికీ నిలువెల్లా ఎగసిపడుతోంది మరి. ఆయన చేయి కదలలేదు, కదిలింది బిడ్డ. మిగిలిన పదకొండూ అంతే.

కుర్చీలో కూర్చున్నవాళ్లకు "కదలకండి" అని చెప్పి, వాళ్లు కొయ్యబారాక తీసి, ఆ నిశ్చలత యావత్తూ తన చేతి ఘనతేనని ఆయన ఇరవై ఆరేళ్లు అనుకున్నాడు. అందులో సగం వాళ్లదన్న సంగతి ఎన్నడూ తట్టలేదు. మనిషి తన ప్రతిభను కొలుచుకునేటప్పుడు ఎదుటివాడి సహకారాన్ని కూడా తన తూకంలోనే వేసుకుంటాడు.

గడియారం పదకొండున్నర చూపిస్తోంది. "ఆ వెలుతుర్లో ఇంతకన్నా రాదమ్మా" అని ఆ మరకనే తల్లి చేతిలో పెడితే కాదనేవాళ్లు లేరు. ఆవిడ దాన్నే గుండెలకు హత్తుకునేది. ఆయన ఆ ఆలోచనతో కాసేపు కూర్చున్నాడు, కూర్చోలేదంటే అబద్ధం. తర్వాత లేచి తోడల్లుడి ఇంటికి వెళ్లి, సంగతంతా చెప్పాడు.

"నీ కెమెరా కావాలి తమ్ముడూ. ఆ పెద్ద లెన్సుతో సహా."

ఈ రోజు కోసమే పుట్టినట్టు తోడల్లుడి మొహం వెలిగింది. "కెమెరాదేముంది అన్నయ్యా? చెయ్యి కదా ముఖ్యం!"

"నా చెయ్యి చాల్లేదు."

"ఏంటీ? వినపళ్లా."

"చాల్లేదన్నాను. నీ లెన్స్ ఉంటేనే వస్తుంది. ఇస్తావా, ఇవ్వవా?"

ఇచ్చాడు. ఇచ్చేముందు, గాజు మీద వేలు పెట్టకూడదని, మెడలో తగిలించుకునే పట్టుకోవాలని పావుగంట పాఠం చెప్పాడు. పూలకుండీ తప్ప మరేదీ తీయనివాడు చెబుతుంటే ఆయన నోరెత్తకుండా విన్నాడు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు. పెద్ద నోటి లెన్సు వెలుతురును దండిగా రానిచ్చింది; ఈసారి షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరిస్తే చాలింది, బిడ్డ కదిలేలోపే మూసుకుంది. ఒంటిగంటన్నరకు, ఇంకా తడి ఆరని ఫోటోను తల్లి మంచం దగ్గరకు తీసుకెళ్లాడు. ఆవిడ దాన్ని వెలుతురు వైపు తిప్పి, అంచు నుంచి అంచు దాకా చూసింది. "నుదురు మా నాన్నదే," అంది చివరికి.

రెండింటికి బిడ్డను తీసుకెళ్లారు.

"మీ చేతి చలవ సార్," అన్నాడు డ్రైవరు, కళ్లు తుడుచుకుంటూ.

ఔనంటే అడిగేవారు లేరు. "పొద్దున కూడా ఇదే చేత్తో తీశాను, రాలేదు," అన్నాడాయన. "కెమెరా మా తోడల్లుడిది. చెప్పాలనుకుంటే ఆ మాట ఆయనకు చెప్పండి," అని ఇంటి గుర్తులు రాసిచ్చాడు.