పేనుబంక లెక్క రాసే మద్దిలేటి

మద్దిలేటి తన చేత్తో చంపిన పురుగులను కుప్పపోస్తే గద్వాల కోట బురుజుల దాకా మునిగిపోతుంది. లెక్క నేనే కట్టాను. ఇంటర్ రెండో ఏడు జువాలజీ పరీక్షకు వెళ్లకపోవడం నా పెద్దమనసు. వెళ్లి ఉంటే ఈపాటికి పాఠ్యపుస్తకాలు మార్చి అచ్చు వేయాల్సి వచ్చేది. కనుక పురుగుల విషయంలో నా మాట మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

ఆయనది గద్వాల వైపు ఊరు. మా తెలకపల్లి ఆడబిడ్డ యమునను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఊరి అల్లుడు గనక ఊరందరికీ బావే, నాకైతే మరీను. పదహారేళ్ల వయసులో విత్తన పత్తి చేలల్లో మందు డబ్బా వీపుకెత్తుకున్నాడు. ఇరవై ఆరేళ్లు దింపలేదు. మొదట చేతిపంపు, తర్వాత పెట్రోలుతో నడిచే తైవాన్ పంపు. వనపర్తి, ఆత్మకూరు, నాగర్‌కర్నూల్, ఎక్కడ పత్తికి పురుగు తగిలితే అక్కడికి బస్సెక్కి వెళ్లేవాడు. గట్టు మీద నిలబడి ఒక్కసారి దగ్గితే పచ్చదోమ పక్క మండలానికి కాపురం మార్చేదని చెప్పుకుంటారు. అలా చెప్పుకోవడం మొదలుపెట్టింది నేనే అయినా, చెప్పుకునే మాట నిజం.

మందు కలిపేటప్పుడు కట్టె వాడమని రైతులు పోరినా వినేవాడు కాదు. బకెట్లో మోచేతి దాకా పెట్టి కలిపేవాడు.

"కట్టెతోని కలిపితే మందు అడుగునే ఉంటది. చేతికైతే తెలుస్తది," అనేవాడు.

అలా తెలుస్తూ తెలుస్తూ ఒక ఏడాది చేతికి ఏమీ తెలియడం మానేసింది. ముందు చొక్కా గుండీలు పోయాయి. అంటే గుండీలు ఉన్నాయి, అవి వేళ్లకు దొరకడం లేదు. యమునక్క పొద్దున్నే అన్నం గిన్నె దించి, చేతులు తుడుచుకుని, ఆయన గుండీలు పెట్టేది. ఒకసారి గడ్డివాము దగ్గర తేలు కుట్టింది. ఈయన చూడను కూడా చూడలేదట. తేలు సిగ్గుపడి, కుట్టే వృత్తి మానేసి, పొట్ట చేతపట్టుకుని కర్ణాటక వైపు వలస పోయింది.

దవాఖానలో డాక్టరు ఈయన్ని కిటికీ వైపు చూడమని చెప్పి పది వేళ్లకూ సూది గుచ్చాడు.

"ఎక్కడెక్కడ గుచ్చానో చెప్పు."

"గుచ్చినవా సార్?"

డాక్టరు చీటీ రాస్తూ చెప్పిందిది. నరాలు మొద్దుబారాయి. కాలి వేళ్లకు కూడా మొదలైంది. మళ్లీ పంపు ఎత్తుకున్నావంటే ఒక్క పంటకాలం చాలు, నడక పోతుంది. మద్దిలేటి విన్నాడు. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఎడమకాలి చెప్పు జారిపోయిన సంగతి బస్టాండు దాకా ఆయనకు తెలియలేదు. నేను వెనక్కి వెళ్లి తెచ్చాను.

పంపు లేని పని ఒకటే దొరికింది. నాగర్‌కర్నూల్ శివారులో పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి రెబెకా మేడం పురుగుల శాస్త్రవేత్త. ఆమెకు పురుగులను లెక్కపెట్టే మనిషి కావాలి. జీవితమంతా చంపినవాడు లెక్కపెట్టలేడా అని తీసుకుంది.

మేడం చేసే పని కొత్తదేమీ కాదు. మన దిక్కు ముసలవ్వలందరికీ తెలిసిందే. సీతాఫలం గింజలు దంచి, ఆ పొడి తలకు పట్టించి, కళ్లలో పడకుండా గుడ్డ కట్టి కూర్చోబెడితే పేలు చస్తాయి. ఒక్క నలుసు కంట్లో పడిందా, మూడు రోజులు కన్ను తెరవలేం. ఆ గింజల నుంచి నూనె తీసి, నీళ్లలో కలిసేలా చేసి, పత్తి మీద పేనుబంకకు కొట్టి చూడాలన్నది మేడం ఆలోచన. పేనుబంక అంటే ఆకు అడుగున గుంపుగా అంటుకుని రసం పీల్చే పచ్చటి పురుగు, తల పేనుకు చిన్నాయన కొడుకు. హైదరాబాదు కంపెనీ ఒకటి ముందుకు వచ్చింది. తయారీ పద్ధతి కేంద్రానిది, సీసా కంపెనీది. పొలంలో బాగా పనిచేస్తుందని తేలితే ఒప్పందం మీద సంతకం, లేకుంటే ఎవరి దారి వారిది. మద్దిలేటి కొలువు కూడా ఆ సంతకానికే కట్టి ఉంది.

లెక్క ఎలా పెడతారంటే, మడికి పది మొక్కలు, మొక్కకు మూడు ఆకులు. పైది ఒకటి, నడుమది ఒకటి, కిందిది ఒకటి. ఆకు తిప్పి, అడుగున ఉన్న వాటిని ఒక్కొక్కటిగా లెక్కించి పుస్తకంలో రాయాలి. మందు కొట్టకముందు ఒకసారి, మూడో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి. మద్దిలేటి వేళ్లతో పట్టుకుంటే ఆకు చిరిగినా తెలియదు గనక మణికట్టు వెనక వైపుతో ఆకును పైకెత్తేవాడు. అంత మెల్లగా ఎవరూ ఎత్తరు. ఆ ఆకుల మీద కునుకు తీసే పేనుబంకకు మెలకువ వచ్చేది కాదు. వాటిలో ముసలివాటికి పింఛను కూడా రాయించాడని అంటారు గానీ, అది నేను చూడలేదు.

మొదటి ఏడాది గింజలు మేడమే సమకూర్చింది. సంతలో పండిన సీతాఫలాలు కొని, కేంద్రంలో ఉన్నవాళ్లందరికీ మొహం మొత్తేదాకా తినిపించి, గింజలు కడిగి ఎండబెట్టింది. ఆ మందుకు నూటికి ఎనభై నాలుగు పురుగులు చచ్చాయి. కంపెనీ తరఫున జితేందర్ సార్ కారులో వచ్చి అందరికీ మిఠాయి పంచాడు. వచ్చే ఏడు ఎకరాల మీద పరీక్ష, క్వింటాళ్ల కొద్దీ గింజలు కావాలన్నాడు. ఆ పని యమునక్క వాళ్ల మహిళా సంఘానికి వచ్చింది. పదకొండు మంది ఆడవాళ్లు. పత్తి ఏరే కూలికి పోకుండా ఊళ్లోనే ఉండి చేసుకునే పని. గుట్ట మీద కాయ కోసి తెచ్చి, సంఘం షెడ్డు ముందు టార్పాలిన్ పరిచి, గింజలు ఎండబోసి, చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటుంటే అవతలి వాడ దాకా వినిపించేది.

రెండో ఏడు ఆ గింజల మందు కొట్టారు. ఏడో రోజు మద్దిలేటి లెక్కపెట్టాడు. నూటికి ముప్పై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై ఒకటే.

ఆ సాయంత్రం గోదాములో మిగిలిన గింజల సంచి విప్పాడు. వేళ్లు ఏమీ చెప్పవు గనక ఒక గింజను పంటికింద పెట్టి నొక్కాడు. సీతాఫలం గింజ రాయిలాంటిది, పన్ను విరుగుతుంది గానీ అది విరగదు. ఇది పుటుక్కున పగిలింది. ఉమ్మేసి ఇంకొకటి పెట్టాడు. అది పగల్లేదు. మూడోది పగిలింది.

అది కాల్చిన కాయ గింజ.

మా దిక్కు గుట్టల మీద కాయ కోసేవాళ్లకు మధ్యాహ్నం బువ్వ అదే. కన్ను విచ్చిన కాయలు, అంటే గరుకు తొక్క మీద గీతలు తెల్లబడి పండడానికి సిద్ధమైనవి, గంపకు పోతాయి. కన్ను విచ్చనివి ఎన్నాళ్లు మగ్గబెట్టినా పండవు. వాటిని ఎండు పుల్లల మంటలో కాలవెట్టుకుని, తొక్క ఒలిచి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తింటారు. ఆ రుచి తెలియనివాడు పాలమూరులో పుట్టలేదు. ఎప్పుడూ ఆ గింజలు గుట్ట మీదే ఉమ్మేవాళ్లు. ఆ ఏడు గింజకు గిరాకీ వచ్చిందని సంచిలో ఉమ్మారు. గింజ గింజే కదా. బూడిదతో రుద్ది కడిగితే నల్లగా నిగనిగలాడింది. మంట సెగకు లోపలి విషం చచ్చిపోతుందని ఎవరికి తెలుసు?

మరునాడు నాగర్‌కర్నూల్ బస్టాండు హోటల్లో నాకు చెప్పాడు. జితేందర్ సార్ ఎల్లుండి వస్తున్నాడని, పరీక్ష మూసేద్దామని ఫోనులో అన్నాడని కూడా చెప్పాడు.

"చెప్తే యమునక్కోళ్ల పని పోతది," అన్నాను.

"అవ్."

"చెప్పకుంటే మందు పనికిరాదని మూసేస్తరు. నీ కొలువు పోతది. మళ్ల పంపే."

"అవ్."

"మరి ఏం చేస్తవ్ బావా?"

"చాయ్ తాగుత."

తాగాడు. గ్లాసు పొగలు కక్కుతోంది. హోటలాయన గుడ్డతో పట్టుకుని తెచ్చిన గ్లాసును ఈయన అరచేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మీటింగులో నేను లేను. లేకపోవడం నాకు ఎప్పుడూ అడ్డు కాలేదు. జితేందర్ సార్ కాగితాలు సర్దుకుంటూ, "మేడం, ముప్పై ఒకటికి మా వాళ్లు ఒప్పుకోరు, ఇక వదిలేద్దాం," అన్నాడు. రెబెకా మేడం గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి వైపు తిరిగింది.

"మద్దిలేటీ, లెక్కలో ఏమైనా తప్పుందా?"

అప్పుడు మా బావ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. చచ్చిన పది వేళ్లూ జితేందర్ సార్ ముఖానికి ఎదురుగా చాపి, "లెక్క సరిగనే ఉంది. గింజ సరిగ లేదు!" అని గర్జించాడు. ఆ గర్జనకు బయట మడిలో ఉన్న పేనుబంకలో మిగతా అరవై తొమ్మిదీ రాలిపోయాయి. కాల్చిన కాయల సంగతి మొత్తం చెప్పాడు.

"కాల్చినవి ఎవరు కలిపారు?" అని జితేందర్ సార్ అడిగాడు.

"సంఘపోల్లు."

"అంటే?"

"నా భార్య వాళ్ల సంఘం."

మేడం ఊరికే నమ్మే మనిషి కాదు. అదే సంచి నుంచి పగిలేవీ పగలనివీ వేరు చేయమంది. పళ్లతో చేయబోతే తిట్టి పట్టకారు ఇచ్చింది. రెండు రకాలనూ విడిగా నూరి, కుండీల్లో పెంచిన పత్తి మీద కొట్టి, ఈయన చేతే లెక్కపెట్టించింది. పగలని గింజల మందుకు ఎనభై మూడు చచ్చాయి. కాల్చినవాటికి పదకొండు.

నెలలోపు సంతకాలైపోయాయి. మేడం ఫోటో పేపర్లో వచ్చింది. మద్దిలేటిని ఏడాది ఒప్పందం మీద సహాయకుడిగా తీసుకున్నారు, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. గింజలు మాత్రం ఇక గుజ్జు తీసే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. అక్కడ యంత్రమే వేరు చేస్తుంది, మంట మాటే లేదు. సంఘంతో పని లేదని జితేందర్ సార్ ఫోనులో చెప్పాడు. కాల్చినవి కలపకుండా ఇస్తామని యమునక్క అంది. మీరు కలపరు సరే, కలిపారో లేదో చూసే మనిషిని నేను ఎక్కణ్ణుంచి తేను, అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు.

ఆ రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. యమునక్క ఫోను కింద పెట్టి, కంచాలు కడిగి, మాకు అన్నం వడ్డించింది.

"మీటింగుల ఏం చెప్పినవయ్యా?" అంది, చారు పోస్తూ.

"కాల్చిన గింజలు కలిసినయని చెప్పిన."

"ఎవలు కలిపిన్రని చెప్పినవ్?"

"సంఘపోల్లని."

"అంతనే?"

"అంతనే."

"ఇంకేం చెప్పలే?"

"అడగలే."

ఆమె గిన్నె మూత పెట్టింది. "తిను, చల్లారుతది," అంది నాతో. తర్వాత టీవీ పెట్టుకుంది. అందులో ఎవరో వంట చేస్తున్నారు.

ఇప్పుడు ఆ పదకొండు మందీ పత్తి ఏరడానికి పోతున్నారు, పొద్దున ఆటోలో యమునక్క కూడా. షెడ్డు తాళం వేసి ఉంది. పోయేముందు ఆమె అన్నం దించి, చేతులు తుడుచుకుని, ఆయన గుండీలు పెడుతుంది. ఆయన గోడ వైపు చూస్తాడు, ఆమె గుండీల వైపు. నేను రెండుసార్లు చూశాను. నవ్విద్దామని ఏదో అన్నాను కూడా. ఏమన్నానో గుర్తులేదు. నా జన్మలో నేనన్న మాట నాకే గుర్తులేకపోవడం అదొక్కసారే.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం కేంద్రం గేటు దగ్గర కూర్చోబెట్టి మా బావకు చదివి వినిపించాను. కోట మునగడం దగ్గర నవ్వలేదు. తేలు వలస దగ్గర నవ్వలేదు. మీటింగు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి, గర్జన మాత్రం రెండుసార్లు చదివాను. సొంత సంఘమని కూడా చూడకుండా, వాళ్లు చేసిన తప్పును నిర్భయంగా బయటపెట్టిన ధీరుడు పాలమూరులో ఇంకొకడు లేడని చివర ఒక వాక్యం ఉండేది. అదీ చదివి, ఎట్లుందో చెప్పు బావా అన్నాను.

ఆయన మెడలోని కార్డును మణికట్టుతో పక్కకు జరుపుకున్నాడు.

"లేసి నిలవడలే, కూసోనే చెప్పిన. కాయ కోసే దినం సంఘపోల్లతోని గుట్టకు నేను గూడ పోయిన. కాయలు కాలవెట్టింది నేనే, ఆ సంచిల అందరికంటె ముందు ఉమ్మింది గూడ నేనే. అది చెప్పలే."