కదలని అంకె

మా పాత పెట్రోలు కారు నల్లగా పొగ వదులుతోందని మా ఆయన దాన్ని అమ్మేద్దామని తేల్చేశారు. నన్ను అడగలేదు. కొడవలూరు నుంచి ఒకాయన సాయంత్రం వచ్చి చూసుకుంటాడని, పొద్దున ఇడ్లీ తింటూ చల్లగా చెప్పారు. నాకు ఒళ్లు మండింది. సముద్రం ఒడ్డున ఉన్న మా రొయ్యల గుంటల్ని చూసుకునేది నేను. కారు పోతే అక్కడికి వెళ్లాలన్నా ఆయనకు తీరిక దొరికేదాకా కాచుకు కూర్చోవాలి. ఇన్నేళ్లూ నా ఇష్టానికి తిరిగినదాన్ని, ఆ బతుకు నావల్ల కాదు.

వెంటనే కారు తీసుకుని నెల్లూరులో మెకానిక్ దగ్గరికి బయల్దేరాను. నా పంతం చూద్దామని ఆయనా ఎక్కారు. మెకానిక్ స్కానర్ తగిలించాడు. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఇంజనుకు పెట్రోలు చాలడం లేదంటోందట, అందుకని కారులోని కంప్యూటరు ఇంకా ఇంకా పెట్రోలు పోస్తోందట. పంపు, ఇంజెక్టర్లు ఒక్కొక్కటే విప్పి చూడాలన్నాడు. నేను చెప్పలేదా అన్నట్టు మా ఆయన తల ఊపారు.

పెట్రోలు ఎక్కువైతే కదా నల్లపొగ వచ్చేది, చాలకపోతే ఎందుకొస్తుంది? నాకు గుంట దగ్గరి మీటరు గుర్తొచ్చింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందని అది చూపించగానే నేను కంగారు పడిపోను. ముందు దాని కొసను నీళ్లలోంచి తీసి గాలిలో పట్టుకుంటాను. అప్పుడూ అంకె కదలకపోతే చచ్చింది మీటరు, రొయ్యలు కాదు.

“అన్నా, ఏం విప్పబాక. నేను యాక్సిలరేటర్ తొక్కుతా, సెన్సర్ అంకె కదలతాదేమో చూడు,” అన్నాను.

తొక్కాను, వదిలాను, మళ్లీ తొక్కాను. పైకీ కిందకీ ఊగాల్సిన అంకె అడుగునే అతుక్కుపోయి ఉంది. మెకానిక్ నవ్వేశాడు. వైరు తెగలేదని, ఉప్పుగాలికి గొట్టం చిల్లు పడలేదని కూడా చూసుకుని, కొత్త సెన్సర్ తెప్పించి బిగించాడు. ఈసారి తొక్కితే అంకె చక్కగా ఊగింది. కాసేపటికి పొగా తగ్గింది. నేనేమీ ఆశ్చర్యపోలేదు గానీ సంతోషం మాత్రం పట్టలేకపోయాను.

తిరిగొచ్చే దారిలో మా ఆయన ఫోను మోగింది. కారు కొంటానన్న మనిషి బయల్దేరుతున్నాడట.

“రాబాక అన్నా. కారు మా ఆమెది. ఆమెను అడక్కుండా నీకు మాటిచ్చినా,” అన్నారు మా ఆయన.

పొద్దుట్నుంచీ నాకు కావలసింది ఆ మాటే.