కాకి కట్టిన కక్ష

శకునాలు నమ్మనని అందరికీ చెప్పుకునే నేను, ఒక కాకికి భయపడి వీలునామా రాయబోయాను.

కిందటి వేసవిలో భవానీపురంలో మా డాబా మీద వడియాలు ఎండబెడుతుంటే, కాకి వెనకనుంచి వచ్చి నా తలమీద తన్నింది. కాకి తంతే ఆయుష్షు తీరినట్టేనని మా అత్తయ్య అనేది. తలస్నానం చేసి శనికి దీపం పెట్టాను. మర్నాడూ తన్నింది. మా ఆవిడ పక్కనే ఉన్నా, మూడోనాడూ నన్నే తన్నింది. వీలునామా రాద్దామని మా ఆవిడను కాగితం, పెన్ను తెమ్మన్నాను.

"ఇన్సూరెన్సు కాగితాలు బీరువాలో ఉన్నాయే" అన్నాను ఏడుపు గొంతుతో.

పక్క డాబా మీద టైలర్ వహీద్ భాయ్ పడీ పడీ నవ్వాడు. "శనీ లేదు, గినీ లేదు సార్! మొన్నామధ్య వేపకొమ్మ కొడుతూ దాని గూడు కదిలించింది మీరే కదండీ. అందులో పిల్లలున్నాయి. కాకి మనిషి మొహం మర్చిపోదండీ."

పిల్లలు ఎగిరిపోయేదాకా హెల్మెట్‌తోనే డాబా ఎక్కాను. వడియాలకు దోమతెర కప్పాను. కాకి చుట్టూ తిరుగుతుంటే, హెల్మెట్ అద్దం పైకెత్తి, వేయించిన వడియాలు దాని ఎదురుగానే ఒక్కొక్కటీ కరకరా నమిలాను.