లేచేదాకా ఇది వాడమ్మా

మాస్టారింటి పిన్నిగారు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. "మాస్టారు పోయారమ్మా," అన్నారు. "తెల్లవారుజాము నమాజు చదువుకుని కుర్చీలో కూర్చున్నారు. టీ పెట్టి తెచ్చేసరికి లేరు." ఆమె గొంతు నిలకడగానే ఉంది.

మధ్యాహ్నం నమాజు తర్వాత ఆయన్ని తీసుకెళ్లారు. భవానీపురంలోని ఆ ఇంటి వరండాలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, గడప పక్కన ఉన్న ఆయన చెప్పుల్నే చూస్తూ ఉండిపోయాను. ఆ వరండా గోడకు అవతలిది ఒకప్పుడు మా ఇల్లు. నాన్న పోయాక కొన్నాళ్లకు అమ్మను తీసుకుని పటమటకు మారిపోయాను. "ఆదివారం వస్తాను మాస్టారూ" అని ఎన్ని ఆదివారాలు అన్నానో నాకే లెక్క తెలియదు. రెండు బస్సులు మారితే వచ్చే ఇల్లు అది. సిగ్గుపడాల్సిన మాటే, రాసేస్తున్నాను.

మాస్టారంటే బడి పంతులు కాదు, టైపు మాస్టారు. వన్‌టౌన్‌లో ఓ మేడ మీద ముప్పై ఏళ్లు ఇంగ్లీషు, తెలుగు టైపు నేర్పారు. పదో తరగతి సెలవుల్లో నేనూ అక్కడే నేర్చుకున్నాను. మీటలు కనబడకుండా మా చేతుల మీద గళ్ల రుమాలు కప్పేవారు. "వేలికి తెలిస్తే చాలమ్మా, కంటికి చెప్పక్కర్లేదు," అనేవారు. తప్పు కొడితే తిట్టేవారు కాదు. కాగితం బయటికి లాగి, తప్పు పడ్డ అక్షరం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, కొత్త కాగితం ఎక్కించి వెళ్లిపోయేవారు. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండుననిపించేది. ఒత్తుల దగ్గర మాత్రం అసలు ఊరుకునేవారు కాదు. "ఒత్తు అక్షరం కిందే కూర్చోవాలి. పక్కన నిలబడితే అది పిలవని పేరంటానికి వచ్చినట్టు," అనేవారు.

కంప్యూటర్లు వచ్చి ఆ మేడ మూతపడ్డాక ఆయన దిగులుపడి ఇంట్లో కూర్చుంటారనుకున్నాం. తీరా చూస్తే మా వీధిలో కాలేజీ కుర్రాళ్లకంటే ముందు టచ్ ఫోను కొన్నది ఆయనే. మందంగా, సబ్బుబిళ్లంత ఉండేది. అప్పట్లో ఆ ఫోన్లకు తెలుగు రాదు. ఎవరైనా తెలుగులో మెసేజ్ పంపితే తెర మీద వరసగా ఖాళీ గళ్లు కనిపించేవి. "ఇంత తెర పెట్టారు, మన అక్షరానికి చోటు పెట్టలేదు చూడు," అని మా నాన్నతో వాపోయేవారు. నెల రోజులు ఇంటర్నెట్ సెంటర్ చుట్టూ తిరిగి, ఎవరెవరో ఇంగ్లీషులో రాసిన సూచనలన్నీ ప్రింటు తీయించి, ఎర్ర సిరాతో గీతలు గీసుకుని, చివరికి కంపెనీ వేసిన తాళం తీసి ఫోను లోపల తెలుగు ఫాంటు పెట్టారు. అక్షరాలు వచ్చాయి. ఒత్తులు మాత్రం కిందకు దిగక, పొల్లు అక్షరాల పక్కనే నిలబడ్డాయి. ఆయనకది పంటి కింద రాయిలా ఉండేది.

అంతటితో ఆగలేదు. గడియారానికి తెలుగు అంకెలు పెట్టారు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క టైపు మిషను గంటను, లైను చివరికి రాగానే టింగుమనేదాన్ని, రికార్డు చేసి మెసేజ్ వస్తే మోగేలా పెట్టుకున్నారు. పిన్నిగారు టీ గ్లాసు అందిస్తూ, "పెళ్లయినప్పట్నుంచీ నా మొహం ఇంతసేపు చూళ్లేదండీ ఈయన," అనేవారు. మాస్టారు తల ఎత్తకుండానే, "నీకు ఒత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి బేగం," అనేవారు.

ఆ రోజుల్లోనే మా నాన్నకు గొంతులో పుండు బయటపడింది. నాన్న బస్సు కండక్టరు. ఉయ్యూరు రూటులో ఆయన "కంకిపాడు, కంకిపాడు" అని కేకేస్తే బస్టాండు అవతల టీకొట్టు దగ్గరున్నవాళ్లు కూడా గ్లాసు పడేసి పరుగెత్తుకొచ్చేవారట. ఆపరేషన్‌లో ఆ స్వరపేటిక తీసేశారు. ఇంటికొచ్చాక పలక కొనిచ్చాం. ఏం కావాలన్నా రాసి చూపించేవారు. కానీ అమ్మకు చదువు రాదు. నేను పొద్దంతా బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఉండేదాన్ని. ఒకరోజు నాన్న గబగబా ఏదో రాసి చూపిస్తే, అమ్మ ఆ పలక పట్టుకుని మాస్టారింటికి పరుగెత్తింది. "ఊపిరి ఆడటం లేదు" అని ఉంది దాని మీద. మాస్టారు చదివి, ఆటో పిలిచి, నాన్నను ఆసుపత్రికి చేర్చారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేవారు కాదన్నారు డాక్టరు.

ఆసుపత్రి మెట్ల మీద మాస్టారు నాతో అన్నారు: "ఈ మాట నీకు చేరాలమ్మా. నేను ఇంట్లో లేకపోతే ఏమయ్యేది? రెండు టచ్ ఫోన్లు కొను. తెలుగు సంగతి నేను చూసుకుంటా."

కొన్నాను. నాకొకటి, నాన్నకొకటి. మాస్టారు ముందు నాదే తీసుకున్నారు. "పోతే నీది పోవాలి, మీ నాన్నది కాదు," అన్నారు. రెండు రోజులకు నిజంగానే పోయింది. తెర మీద కంపెనీ పేరు దగ్గర ఆగిపోయి, ఎన్నిసార్లు బ్యాటరీ తీసి పెట్టినా అక్కడే నిలబడింది. ఆ సంగతి చెప్పడానికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరామర్శకు వచ్చిన మనిషిలా వచ్చి మా వరండాలో నిలబడ్డారు. అమ్మ ఉండబట్టలేక, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు..." అని, నాన్న వైపు చూసి నాలిక కరుచుకుంది. నాన్న భుజాలు కదిలాయి. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మాస్టారు నవ్వలేదు. జేబులోంచి తన ఫోను తీసి నా చేతిలో పెట్టారు. "నీది లేచేదాకా ఇది వాడమ్మా." నేను వద్దంటున్నా వినలేదు, తనకు పాత మీటల ఫోను చాలన్నారు. నాన్న ఫోను ముట్టుకోవడానికి మాత్రం ఆయనకు ధైర్యం చాలలేదు. నాలుగు రోజులు రావడం, చూడటం, వెళ్లిపోవడం. అయిదో రోజు నాన్న ఫోను ఆయన ఒళ్లో పెట్టి, పలక మీద "చేయండి. పోతే పోనీ" అని రాశారు. మాస్టారు బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టారు. ఈసారి అక్షరాలు వచ్చాయి.

అయినా నాన్న ఒక్క మాట కొట్టలేకపోయారు. వేలు తెర మీద తిరుగుతూనే ఉండేది, అక్షరం దొరికేది కాదు. విసుగొచ్చి ఫోను మంచం మీద పారేశారు. విషయమేమిటంటే, మాస్టారు అందులో అక్షరాలను టైపు మిషను వరసలో పెట్టారు. ఆయన దృష్టిలో లోకంలో అక్షరాలకు ఉన్న వరస అదొక్కటే. మూడు రోజులకు గానీ ఆయనకు ఆ సంగతి వెలగలేదు. "ముప్పై ఏళ్లు రానివాళ్లకే నేర్పాను. రానివాడు ఎలా ఉంటాడో మాత్రం మర్చిపోయాను," అంటూ నొచ్చుకున్నారు. ఎక్కడెక్కడో వెతికి, పలక మీద దిద్దించే అ ఆ ఇ ఈ వరసలో ఉన్న కీబోర్డు తెచ్చి పెట్టారు.

మర్నాడు ఆఫీసులో నా బల్ల మీద టైపు మిషను గంట మోగింది. తీసి చూశాను. ఒక్కటే మాట: "కంకిపాడు." ఆ కేక నాకు వినిపించింది. ఫైళ్ల వెనక తల దాచుకుని ఏడ్చాను.

నాన్న తర్వాత నాలుగేళ్లు బతికారు. ఒత్తులు సరిగ్గా రావని తెలిసి, ఒత్తులు లేని మాటలే ఏరుకునేవారు. "వాన మొదలు. గొడుగు ఉందా." "మీ అమ అలిగింది. పూలు తే." అమ్మ అన్న మాటలో కూడా ఒత్తు మానేశారు ఆ మహానుభావుడు. ఆఖరి వారంలో పంపినదాంట్లో ఒకటి: "మాసటారి ఫోను ఇవవాలి. మరవకు."

నాన్న పోయి పదకొండో రోజు దాటగానే ఆ ఫోను పట్టుకుని గోడ అవతలికి వెళ్లాను. మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నీది ఇంకా లేవలేదుగా. లేచాక చూద్దాం. నాకు ఈ మీటల ఫోనే సుఖంగా ఉంది," అన్నారు. నమ్మాను. ఆ తర్వాత నేను కొత్త ఫోన్లు కొన్నాను. వాటిలో తెలుగు దానంతటదే వచ్చేది. అదెలా వచ్చిందని ఎవరూ అడగరు. మాస్టారి ఫోను మాత్రం నాన్న మాటలతో నా బీరువాలో ఉండిపోయింది. ఆయన చివరిదాకా ఆ మీటల ఫోనే వాడారు.

మాస్టారు పోయిన మూడో రోజు మళ్లీ భవానీపురం వెళ్లాను. పిన్నిగారు లోపలికి పిలిచి, గళ్ల రుమాలులో చుట్టింది ఏదో నా చేతిలో పెట్టారు. విప్పితే నా పాత ఫోను.

"ఎప్పుడో లేచిందమ్మా ఇది," అన్నారు.

"ఎప్పుడు పిన్నిగారూ?"

"మీ నాన్నగారు పోవడానికి రెండు వారాల ముందు. ఆయన కాస్త తేరుకున్నాక నీకు చూపించాలని మాస్టారు చిన్నపిల్లాడిలా ఎదురుచూశారు. ఈలోగా అలా జరిగింది. ఇక చెప్పొద్దన్నారు. చెబితే నువ్వు ఆ ఫోను తిరిగిచ్చేస్తావట. అందులో మీ నాన్న ఉన్నారట."

"ఆ మెసేజులు తీసి ఇందులో పెట్టొచ్చు కదండీ."

"నేనూ అదే అన్నాను. 'మధ్యలో ఒక్కటి పోయినా ఆ పిల్లకు నేనేం జవాబు చెప్పను' అన్నారు. ఏటేటా రంజాన్ ముందు బీరువా సర్దేటప్పుడు తీసి, ఛార్జింగ్ పెట్టి, మళ్లీ దాచేవారు."

తనకు ఎంతో ఇష్టమైన వస్తువును తిరిగి తీసుకోకుండా ఉండటానికి ఒక మనిషి ఇన్నేళ్లు అబద్ధమాడారు. నేను ఆదివారాలు వాయిదా వేసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి, వంటింటి కిటికీ దగ్గర రెండు ఫోన్లనూ పక్కపక్కనే ఛార్జింగ్ పెట్టాను. అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. నా ఫోను మీట నొక్కి పట్టుకున్నాను. తెర కాసేపు నల్లగా ఉండి, వెలిగింది. ఒకప్పుడు అది ఆగిపోయిన చోట, కంపెనీ పేరుండే చోట, మాస్టారు పెట్టిన తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఏమని ఉందే?" అంది అమ్మ.

"లేచిందమ్మా."

ఒత్తు అక్షరం కిందే కూర్చుని ఉంది.