మ్యాట్నీ మర్నాటి గోడ

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో టెలిఫోను నేనే. చిరాగ్‌పల్లిలో ఒకే కప్పు కింద మా బాపు, మా పెదనాయిన, ఇద్దరి సంసారాలు, అందరికీ పెద్దదిక్కుగా మా తాత ఉండేవాళ్ళం. బాపుది అల్లం తోట, పెదనాయినది చెరుకు. బావి ఒక్కటే. ఆ ఎండల్లో నీళ్ళు ముందు అల్లానికి పెట్టాలా, చెరుకుకు పెట్టాలా అన్న దగ్గర మాట మొదలై, వంటింట్లో పొయ్యి రెండయ్యేదాకా పోయింది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. పెదనాయిన ఎదురుగా కూర్చుని చుట్ట కాలుస్తుంటే, బాపు నా వైపు తిరిగి, "మోటరు బంద్ చేసిన్నని మీ పెదనాయినకు చెప్పు" అనేవాడు. చేయి చాపితే అందే మనిషికి నేను ఆ మాట మోసుకుపోవాలి. పెదనాయినకు అది ముందే వినపడి ఉంటుంది. అయినా నేను చెప్పేదాకా చెవిటివాడిలా కూర్చునేవాడు.

మొదట్లో నాకు ఆ ఉద్యోగం గొప్పగానే అనిపించింది. తర్వాత భయం పట్టుకుంది. వాకిలి మధ్యలో గోడ లేస్తుందనే మాట ఇంట్లో గుసగుసగా తిరగసాగింది. ఆ గోడకు అవతల పడేది పెదనాయిన కూతురు, నాకంటే కాస్త పెద్దది. అక్కా నేనూ ఒకే కంచంలో తిని, ఒకే బొంత కప్పుకుని పెరిగాం. గోడ లేస్తే ఆ బొంత ఎవరికి పోతుందని ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం, పోట్లాట మధ్యలో ఏడుపు వచ్చేది, ఆ తర్వాత అదే బొంత కింద నిద్రపోయేవాళ్ళం.

అలాంటి రోజుల్లో మా తాత అందరినీ సినిమాకు తీసుకుపోతానన్నాడు. మా తాతకు సినిమా అంటే నవ్వు సినిమానే. దేవుళ్ళ సినిమా వచ్చిందంటే, దేవుడు గుడిలోనే ఉన్నాడు కదా, అంతదూరం పోవడమెందుకు అనేవాడు. మనిషి జారి పడాలి, వాడి మీద ఇంకొకడు పడాలి, వాళ్ళను లేపబోయిన అత్తగారు పేడకుప్పలో కూలబడాలి. అదీ ఆయన లెక్కలో సినిమా. జహీరాబాదు టాకీసుకు అలాంటిదే ఒకటి వచ్చిందని ఎవరో చెప్పారట.

అప్పుడు ఆయన చేసిన పని వినండి. మా అమ్మ దగ్గరికి వచ్చి, "పెద్దకోడలు రాదట, ఆమెకు ఒక్కపొద్దు. మీరు నడువుండ్రి" అన్నాడు. పెద్దమ్మ దగ్గరికి పోయి మా అమ్మకు తలనొప్పి అని చెప్పాడు. వాళ్ళను పెరటి దోవన ముందే సాగనంపి, మమ్మల్ని తలవాకిలి నుంచి తీసుకొచ్చాడు. రోడ్డు మీద ఊరివాళ్ళ ట్రాక్టరు ట్రాలీ ఎక్కబోయేసరికి అందులో పెదనాయిన వాళ్ళు కూర్చుని ఉన్నారు. మా అమ్మది ఒక కాలు ట్రాలీ మీద, ఒకటి నేల మీద. దిగిపోవచ్చు. కానీ ట్రాలీ నిండా ఊళ్ళో జనం. ఇప్పుడు దిగితే రేపు ఊరంతా అదే కథ. మా ఇళ్ళలో పరువు కోపం కంటే ఒక మెట్టు పైనే ఉండేది. అమ్మ పళ్ళు బిగించి ఎక్కింది. తోడికోడళ్ళిద్దరూ ఒకరికొకరు వీపు తిప్పి కూర్చున్నారు. ఆ వీపుల మధ్య అక్కా నేనూ చేతులు పట్టుకుని కూర్చున్నాం. బొంబాయి లారీలు పక్కనుంచి పోయినప్పుడల్లా వాళ్ళిద్దరి కొంగులూ ఒకే వైపు ఎగిరేవి. తాత మాత్రం ఏమీ ఎరగనట్టు రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఆ టాకీసులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య మెడ ఎత్తు అడ్డగోడ ఉండేది. మ్యాట్నీకి ఆడవాళ్ళ వైపు జనం ఎక్కువ. అమ్మా పెద్దమ్మా ఒకే బెంచీ మీద భుజం భుజం ఆనించి కూర్చోక తప్పలేదు.

సినిమాలో ఒక ఇంటికి సున్నం వేస్తుంటారు. బట్టతల మామగారు నిచ్చెన ఎక్కుతాడు. కింద నిచ్చెన పట్టుకున్న అల్లుడికి తుమ్ము వస్తుంది. సున్నం బకెట్టు మామగారి నెత్తిన బోర్లా పడుతుంది. తెల్లగా నడిచొస్తున్న మొగుణ్ణి చూసి అత్తగారు దయ్యమనుకుని చేటతో బాదుతుంది. ఆపబోయిన వాళ్ళకు తలో దెబ్బ. చివరికి అందరూ పోయి ఒకే మంచం మీద పడతారు, మంచం విరుగుతుంది. ఇంతే. ఇందులో వింతేమీ లేదు, కానీ టాకీసు కప్పు లేచిపోయింది. అడ్డగోడ అవతలి నుంచి మా తాత నవ్వు వినపడింది. దగ్గుతో మొదలై ఈలతో ఆగే నవ్వు అది, ఎంతమందిలో ఉన్నా పోల్చుకోవచ్చు. దాని వెనకే బాపు నవ్వు, పెదనాయిన నవ్వు. ఇటు మా అమ్మ నవ్వు ఆపుకోలేక పెద్దమ్మ భుజం మీద వాలిపోయింది. పెద్దమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్న కొంగు మాత్రం మా అమ్మది. వాళ్ళిద్దరికీ ఆ సంగతి తెలియలేదు. నేను ఆ తర్వాత తెర కంటే ఆ కొంగునే ఎక్కువసేపు చూశాను.

ఆఖరున సినిమాలోని కుటుంబమంతా ఒక్క వరుసలో నిలబడి నవ్వింది. శుభం అని పడింది.

తిరుగు దారిలో బాపు నన్ను పక్కకు జరిపి మరీ, "గా నిచ్చెన పట్టినోడు అచ్చం మన చిన్నమామ లెక్కనే ఉన్నడు గదనే అన్నా" అన్నాడు. "ఆ తుమ్ము గూడ గాయనదే" అని పెదనాయిన పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతటితో నా ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయినందుకు నా అంత సంబరపడ్డ మనిషి ఉండడు. ఆ రాత్రి బొంత కింద అక్కతో, "ఇగ గోడ లేదే. శుభం పడ్డది గదా" అన్నాను. "పడ్డది, నేను గూడ సూసిన" అంది అక్క. ఇద్దరం హాయిగా నిద్రపోయాం.

పొద్దున లేచేసరికి వాకిట్లో ఇటుకలు దించుతున్నారు. మేస్త్రి వాకిలికి అడ్డంగా దారం కడుతున్నాడు. ఆ దారం రెండో కొస పట్టుకుని నిలబడ్డది మా తాత.

మేస్త్రితో ఎప్పుడో మాటైపోయిందని అమ్మ చెప్పింది. అంటే సినిమాకు బయల్దేరేనాటికే గోడ ఖాయం. ట్రాలీలో నవ్విన పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది అక్కకూ నాకూ మాత్రమే. అప్పటిదాకా నన్ను ఎవరూ అంత మోసం చేయలేదు, ఆ తర్వాత కూడా చేయలేదు. అన్నిటికంటే ఎక్కువ మండించింది వాళ్ళ ముఖాలు. బాపులోనూ పెదనాయినలోనూ కోపం లేదు. ఒకరికొకరు ఇటుకలు అందించుకుంటూ నిన్నటి సున్నం బకెట్టు ముచ్చట చెప్పుకుని నవ్వుతున్నారు. తిట్టుకుంటూ కడితే నాకు అర్థమయ్యేది. నవ్వుతూ గోడ కట్టేవాళ్ళను ఏమనాలో నాకు తెలియలేదు.

పరుగున పోయి దారం తెంపాను. "మోసం చేసినవ్ తాతా! గోడ కట్టేటోనివి సినిమాకెందుకు తోల్కపోయినవ్?" అని గొంతు చించుకుని అరిచాను.

తాత తెగిన కొసలు వెతికి ముడివేసుకుంటూ, "నవ్వుతరని తోల్కపోయిన బిడ్డా. కలుస్తరని నేనెప్పుడన్న?" అన్నాడు.

అది నిజమే. ఆయన ఎప్పుడూ అనలేదు. శుభాన్ని నమ్ముకున్నది నేను. మోసం చేసినవాడు కనీసం అబద్ధమైనా ఆడితే తిట్టడానికి వీలుంటుంది. నాకు ఆ వీలు కూడా లేకుండా చేశాడని ఇంకా ఏడుపొచ్చింది. ఆయన నన్ను దగ్గరికి తీసుకోబోయాడు, విదిలించుకున్నాను. "గోడ ఆగదని నాకెరుకనే. పండ్లు కొరుక్కుంట కడితే అది కప్పు దాక పోతది. జర నవ్వినంక కడితే మెడ కాడ ఆగుతది. గందుకే తోల్కపోయిన" అన్నాడు. మెడ ఎత్తు అంటే పెద్దవాళ్ళ మెడ ఎత్తు. మా మెడల లెక్క ఎవరు తీశారు?

బొంత అటువైపు పోయింది. నేను చాలా రోజులు తాతతో మాట్లాడలేదు. ఆయనకు ఏదైనా చెప్పాలంటే ఆయన ఎదురుగానే నిలబడి, గోడ అవతలి అక్కను కేకేసి, "తాతకు చెప్పవే" అనేదాన్ని. అక్క అక్కడి నుంచి అరిచి చెప్పేది. తాత కూడా అక్క చెప్పేదాకా విననట్టే కూర్చునేవాడు.

గోడ నిజంగానే మెడ దగ్గర ఆగింది. కప్పు దాకా లేపాలని తెప్పించిన ఇటుకలు మిగిలిపోయాయి. వాటిని అక్కా నేనూ గోడకు చెరో వైపు పేర్చుకుని, ఎక్కి నిలబడి మాట్లాడుకునేవాళ్ళం.

ఎనభైల్లో గోడకు రెండు వైపులా టీవీలు వచ్చాయి. తాత అప్పటికి లేడు. ఒక శనివారం సాయంత్రం అదే సినిమా వేశారు. బకెట్టు పడగానే ఇటు అమ్మ, అటు పెద్దమ్మ ఒక్కసారే నవ్వారు. "సూసినవా చెల్లె, మల్ల పడ్డడు!" అని పెద్దమ్మ అక్కడి నుంచే కేకేసింది. "ఎన్నిమాట్లు పడ్డా బుద్ధి రాదక్కా ఆయనకు!" అంది అమ్మ. కప్పు దాకా కట్టి ఉంటే ఆ కేక మా ఇంట్లోకి వచ్చేది కాదు. నేను లేచి పెరట్లోకి పోయి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఇంత పాత సినిమాలు చూసి ఇంకా ఎలా నవ్వొస్తుందని నా మనవలు అడుగుతారు. ఆ సినిమాల్లో పడ్డవాడు దెబ్బ తగలకుండా లేస్తాడు. బాదిన చేయే సాయంత్రం అన్నం వడ్డిస్తుంది. ఇళ్ళలో జరగనిది అదేనని వాళ్ళకు తెలియడానికి ఇంకా టైముంది. ఆ శుభం మీద మాత్రం నాకు ఇప్పటికీ నమ్మకం లేదు, అది పడేలోపే టీవీ కట్టేస్తాను. తాతను పూర్తిగా క్షమించానని కూడా చెప్పలేను. ఇప్పుడు నేనుండేది జహీరాబాదులో, ఇక్కడ మా గోడ అవతల ఉండేది ఉర్దూ మాట్లాడే కుటుంబం, వాళ్ళు చూసే సినిమాలు వేరు. అయినా ఇక్కడ నిచ్చెన మీద మనిషి ఊగడం మొదలుపెట్టగానే నా చేయి టీవీ గొంతు తగ్గించేస్తుంది, గోడ అవతల ఎవరైనా నవ్వుతారేమో వినాలని.